తుప్పు క్రింద మిగిలినది

పాడైనదానిలోనుండి మంచిని వెలికితీయుట దయగల కార్యమని అందరును ఒప్పుకొందురు. అయితే దయ చూపువాడు పాడైన సంగతిని ఎరుగనట్లు ఉండవలెనా? లేక దానిని పూర్తిగా తెలిసికొనవలెనా? ఒక పాత కారును విప్పు పని ఈ ప్రశ్నకు తగిన దృష్టాంతము.

ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణములో 1962 నుండి 1980 వరకు ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారు తయారాయెను. దానికి వేరుగా చట్రము లేదు; ఉక్కు రేకులతో అతికిన దేహమే బరువంతయు మోయును. తలుపుల క్రింది డొల్లదూలములు లోలోపల తుప్పు తినిపోయినయెడల, పైన రంగు మెరయుచున్నను కారు బలము పోయినట్లే. అయితే అందులో సామాన్యముగా ఉండు 1,798 సి.సి. నాలుగు సిలిండర్ల ఇంజను దళసరి పోత ఇనుముతో చేయబడినది. దేహము శిథిలమైనను ఇంజను తరచుగా బాగుచేయుటకు తగియుండును.

దానిని తీయువాడు తొందరపడరాదు. ఏండ్ల తరబడి కదలని పిస్టన్లు సిలిండరు గోడలకు పట్టుకొనియుండవచ్చును. బలవంతముగా త్రిప్పినయెడల మిగిలినదియు విరుగును. గనుక స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో నూనె పోసి, కొన్ని దినములు కనిపెట్టి, చేతితో మెల్లగా కదలించి చూడవలెను. ఇది ఓర్పు.

తరువాత గొలుసు కప్పితో పైకెత్తి, విప్పి, కడిగి, ప్రతి భాగమును కొలువవలెను. సిలిండర్లు అరిగియున్నచో బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయవలెను. క్రాంకుషాఫ్టు గీతలు పడియున్నచో గ్రైండింగు చేయించి, తగిన బేరింగులు అమర్చవలెను. బ్లాకులో పగులున్నదేమో వెదకవలెను. ఇది సత్యము.

పైపైన తుడిచి, రంగు పూసి, బాగుచేసితినని అమ్మువాడు ఇంజనును రక్షించినవాడు కాడు; కొన్నవానిని నడిదారిలో విడిచినవాడు. అట్లే, కర్మాగారమునుండి వచ్చిన ఇంజనే ఉన్న పాత కారునకు వెల హెచ్చు గనుక, వేరొక కారు ఇంజనును అమర్చి ఆ సంగతి దాచుటయు వంచనయే. పొరుగువాని సిగ్గును కప్పుట ప్రేమ. పగులును కప్పుట ప్రేమ కాదు, ఏలయనగా దాని ఫలము ఇంకొకడు అనుభవించును.

అయితే మనుష్యుడు యంత్రము కాడు. పనికివచ్చు భాగమును తీసికొని మిగిలినదానిని పాత ఇనుము క్రింద పారవేయుట అతని విషయములో తగదు. ఈ దృష్టాంతము అంతవరకు చెల్లదు. ఓర్పును సత్యమును గూర్చి మాత్రము చెల్లును. దొంగతనము చేసి చెరనుండి విడుదలైనవానికి పనియిచ్చు యజమానుని చూడుడి. గతమును అడుగకయే మొదటి దినముననే డబ్బుపెట్టె తాళము చేతికిచ్చుట ఔదార్యమువలె కనబడును. కాని అది కొలువని క్రాంకుషాఫ్టుమీద బరువు మోపుటయే. అతని గతమును ఎరిగి, దానిని పదిమందిలో చాటక, మోయగలిగిన పనిని ముందుగా ఇచ్చి, నమ్మకమును దినదినము పెంచువాడు అతనిని నిలువబెట్టును. తప్పును తెలిసికొనియు విడిచిపెట్టని దయయే నిజమైన దయ.