జూన్ 30 తర్వాత

పోయిన జూన్ 30 సాయంత్రం నా భార్య తన పేజర్‌ని ఆసుపత్రిలో అప్పజెప్పి ఇంటికొచ్చింది. ఇంటర్నల్ మెడిసిన్‌లో మూడేళ్ల రెసిడెన్సీ ఆ రోజుతో అయిపోయింది. అమెరికాలో రెసిడెంట్ల సంవత్సరం సాధారణంగా జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి, ఆ తేదీ మూడేళ్లుగా మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. తను వచ్చేసరికి నా దగ్గర ఒక ఎక్సెల్ షీటు సిద్ధంగా ఉంది. ముగ్గురం కలిసి పది రోజుల ప్రయాణం, ఏ రోజు ఏ గంటకి ఎక్కడ ఉండాలో అన్నీ రాసిపెట్టాను. ఆ ఫైలుకి నేను పెట్టుకున్న పేరు "రికవరీ ప్లాన్". సర్వర్ కూలిపోతే డేటాని వెనక్కి తెచ్చుకోవడానికి మా ఆఫీసులో రాసుకునే పత్రానికి కూడా అదే పేరు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చన్న నమ్మకం ఆ పేరులోనే ఉంది. ఆ నమ్మకం సరైనదేనా అన్నది నా ప్రశ్న.

ముందు, పోయింది ఎంతో లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. రెసిడెంట్లు నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలకి మించి పనిచెయ్యకూడదని 2003 నుంచి అమెరికా అంతటా నియమం. 80 పోతే 88. రోజుకి ఏడు గంటల నిద్ర తీసేస్తే 39. అందులోనే డ్రైవింగు, స్నానం, తిండి, బోర్డు పరీక్షకి చదువు. ఆ మిగిలినదాంట్లో భర్త, కూతురు, ఇండియాలో అమ్మానాన్నలు. అన్ని నెలలూ అలా ఉండవు, నిజమే. కానీ ఐసీయూ నెలల్లో మేం ఒకరితో ఒకరం ఎక్కువగా ఫ్రిజ్ మీద అంటించిన చీటీలతోనే మాట్లాడుకున్నాం.

ఆ 80 అన్న అంకె వెనక కథ ఉంది. రెసిడెంట్ అంటేనే ఆసుపత్రిలో కాపురముండేవాడని అర్థం. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఈ శిక్షణకి ఒక రూపమిచ్చాడు. రెసిడెంట్లు అక్కడే ఉండేవాళ్లు, పెళ్లి చేసుకోకపోవడమే ఆనవాయితీ. అంత కఠినమైన పద్ధతి పెట్టిన హాల్‌స్టెడ్ మొదట కొకైన్‌కీ, తర్వాత మార్ఫిన్‌కీ బానిసైన మనిషి. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. అలసిపోయిన, అనుభవం చాలని రెసిడెంట్ల చేతిలో ఆమెని వదిలేశారని, పత్రికా రచయిత అయిన ఆమె తండ్రి ఏళ్ల తరబడి పోరాడాడు. 1989లో న్యూయార్క్ రాష్ట్రం పని గంటలకి హద్దు పెట్టింది. దేశమంతటికీ ఆ హద్దు రావడానికి ఇంకో 14 ఏళ్లు పట్టింది. ఈ చరిత్ర చదివితే రోగి భద్రత గురించి ఉంటుంది, డాక్టర్ నిద్ర గురించి ఉంటుంది. సాయంత్రం తలుపు వైపు చూస్తూ కూర్చునే రెండేళ్ల పిల్ల గురించి మాత్రం నాకెక్కడా కనపడలేదు.

మా పాపకి అప్పుడు రెండేళ్లే. తనని పెంచింది అమ్మమ్మ, నాన్నమ్మ. విజిటర్ వీసా మీద ఆరేసి నెలలు వంతులేసుకుని వచ్చారు. మేముండే మిషిగన్‌లో ఏడాదికి నాలుగు కాలాలని తెలియకముందే మా పాపకి "అమ్మమ్మ సీజను", "నాన్నమ్మ సీజను" అని రెండు తెలుసు.

ఈ మూడేళ్లలో నాకు వచ్చినన్ని మెచ్చుకోళ్లు జీవితంలో ఎప్పుడూ రాలేదు. తెలుగువాళ్ల పుట్టినరోజు పార్టీల్లో పాపకి నేను అన్నం తినిపిస్తుంటే "ఎంత సపోర్టండీ మీరు, ఇలాంటి భర్త ఎవరికి దొరుకుతాడు" అనేవాళ్లు. మొహమాటంగా నవ్వేవాణ్ని గానీ లోపల బాగానే ఉండేది. ఒకసారి అలాంటి పార్టీ నుంచి తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి అమ్మ అంది: "మీ నాన్న బ్యాంకు ట్రాన్స్‌ఫర్లకి పదమూడేళ్లు ఊళ్లు పట్టుకుని తిరిగాడు. ఇద్దరు పిల్లల్నేసుకుని ఉన్నందుకు నన్నెవరూ ఒక్క మాట అనలేదురా." నిష్ఠూరం కాదు, నవ్వుతూనే అంది. నేనూ నవ్వేశాను.

ఆ మాట నాకు చాలా నెలల తర్వాత పనిచేసింది. నా లెక్క రెసిడెన్సీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. దానికి ముందు రెండేళ్లు తను హెచ్-4 వీసా మీద ఇంట్లో ఉంది. పాప పుట్టింది. నేను ప్రాజెక్టు రిలీజులని రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చేవాణ్ని. తను చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని యూఎస్ఎంఎల్ఈకి చదివేది. ఆ రెండేళ్లని ఇద్దరం "ఖాళీగా ఉన్న రోజులు" అనేవాళ్లం. తను కూడా అలాగే అనేది, అదే ఇప్పుడు బాధగా ఉంది. త్యాగం అని మనం రాసుకునే ప్రతి ఖాతా మనం ఇవ్వడం మొదలుపెట్టిన రోజునే తెరుచుకుంటుంది. తీసుకున్న రోజులు దాంట్లో ఉండవు.

ఇక ప్రయాణం. జూలై మొదటి వారంలో కారులో మిషిగన్ ఉత్తరానికి బయల్దేరాం. మాకినా వంతెన ఐదు మైళ్ల పొడవు. లోపలి లేన్‌లో ఇనప జాలీ మీద వెళ్తుంటే టైర్లు ఝుమ్మని మోగుతాయి. పాప దానితో పాటు శ్రుతి కలిపి పాడింది. లేక్ సుపీరియర్ ఒడ్డున పిక్చర్డ్ రాక్స్ అని రంగురంగుల చారలున్న ఇసకరాతి కొండలు. వాటిని చూపించడానికి పడవలో తీసుకెళ్తారు. ఆ పడవ ప్రయాణం నా షీటులో మూడోరోజు, పసుపు రంగు వేసిన గడి. పడవ కదిలిన పది నిమిషాలకి తను నిద్రపోయింది. మొత్తం నిద్రపోయింది. తిరిగి ఒడ్డుకి వచ్చేదాకా లేవలేదు.

నాకు కోపం వచ్చింది. దాచుకున్నాననుకున్నాను గానీ రాత్రి హోటల్లో బయటపడింది. "ఇన్నాళ్లకి దొరికిన టైము కదా" అన్నాను. తను కాసేపు ఊరుకుని, "ఈ మూడేళ్లూ నేనెక్కడికో పోయి ఇవాళే వచ్చినట్టు మాట్లాడతావేంటి? నేను బతికే ఉన్నాను కదా" అంది. తర్వాత ఒక రాత్రి సంగతి చెప్పింది. ఐసీయూలో ఒక పెద్దాయన పోతున్నాడు. కూతురు విమానంలో ఉంది. డ్యూటీ అయిపోయినా తను ఆయన చెయ్యి పట్టుకుని, కూతురు వచ్చేదాకా కూర్చుంది. "నేను డాక్టర్నయింది నిన్న కాదు. నాకు తెలిసి ఆ రాత్రే" అంది.

ఆ రాత్రి నాకూ గుర్తుంది. తను గీసిన బొమ్మ అమ్మకి చూపించాలని పాప పదిన్నర దాకా మేలుకుని చివరికి సోఫాలోనే పడుకుంది. పాపని మంచం మీదకి చేర్చి, పప్పు మళ్లీ వేడి చెయ్యకుండా నేనూ పడుకున్నాను. నా ఖాతాలో అదొక నష్టం. తన జీవితంలో అది మొదటి రోజు.

అరిస్టాటిల్ "మెటాఫిజిక్స్" తొమ్మిదో పుస్తకంలో పనులని రెండు రకాలుగా విడదీస్తాడు. ఇల్లు కట్టడం లాంటివి పూర్తయ్యేదాకా అసంపూర్ణమే. చూడటం అలా కాదు, చూస్తున్న క్షణంలోనే చూడటం అయిపోయింది. నేర్చుకోవడాన్నీ, రోగం నయమవడాన్నీ ఆయన మొదటి రకంలో వేశాడు. బాగా బతకడాన్ని రెండో రకంలో వేశాడు. రెసిడెన్సీ నేర్చుకోవడమే కాబట్టి జూన్ 30న పూర్తయింది, అంతవరకూ కేక్ కొయ్యడం సబబే. నా తప్పు ఏమిటంటే ఆ మూడేళ్ల బతుకుని కూడా ఇల్లు కట్టడంలా చూశాను. పైకప్పు పడ్డాక గృహప్రవేశం, అప్పటిదాకా అంతా ఇటుకలూ ఇసకా. పాపకి ఐదేళ్లు. అందులో మూడేళ్లు ఇవే. దాని బాల్యంలో సగానికి పైగా ఉన్నదాన్ని నేను ఇసకకుప్ప అంటున్నాను. తనకి పోయిందేదో తెలియని పిల్లకి పది రోజుల్లో ఏం తిరిగిస్తాను?

ఇక్కడ ఒక ప్రమాదం ఉందని నాకు తెలుసు. "ప్రతి క్షణం సంపూర్ణమే" అన్న మాట ఆసుపత్రి యాజమాన్యాల చేతిలో పడితే 80 గంటలు కాస్తా మళ్లీ వంద అవుతాయి. కష్టాన్ని ఇష్టంగా చేసినంత మాత్రాన అది న్యాయమైపోదు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసి, కారు నడుపుతూ కునుకు పట్టి, పక్కకి ఆపుకుని నాకు ఫోన్ చేసిన ఉదయాలున్నాయి. అవి సంపూర్ణ క్షణాలు కావు. వాటికి బాకీ ఉంది. అయితే ఆ బాకీ పడ్డది శిక్షణని అలా నడిపే వ్యవస్థ. నేను వసూలు చెయ్యబోయింది మాత్రం నా భార్య దగ్గర, పడవలో మెలకువగా ఉండి సంతోషంగా కనిపించమని. ఇంట్లో మనం చేసే చాలా అన్యాయాలు ఇలా చిరునామా తప్పిన వసూళ్లే అనిపిస్తుంది.

మిగిలిన వారం షీటు తెరవలేదు. రోజూ పొద్దెక్కేదాకా తను పడుకునేది. నేనూ పాపా చెరువంత చల్లగా, సముద్రమంత పెద్దగా ఉన్న ఆ నీళ్లలోకి రాళ్లు విసిరేవాళ్లం. రాత్రి పదింటి దాకా వెలుతురు. ముగ్గురం అన్నం తినేది అప్పుడే.

సెప్టెంబర్లో వేరే ఊరు వెళ్తున్నాం. జె-1 వీసా మీద శిక్షణ పొందిన డాక్టర్లు రెండేళ్లు సొంత దేశానికి తిరిగి వెళ్లాలి, లేదంటే మినహాయింపు తెచ్చుకుని, డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచెయ్యాలి. మేం రెండోది ఎంచుకున్నాం. అంటే ఇంకో మూడేళ్లు. ఈసారి ఏడు రోజులు పన్నెండేసి గంటల డ్యూటీ, ఏడు రోజులు ఇల్లు. మొన్న పెట్టెలు సర్దుతుంటే "ఇప్పుడిక అమ్మ సీజనా?" అని పాప అడిగింది. నేను నోరు తెరిచేలోపే తను, "వారం అమ్మ, వారం నాన్న" అంది. పాప వేళ్ల మీద ఏవో లెక్కపెట్టుకుని, సరేనంది.