తుప్పు మీద రంగు

పెద్దలు మనకు వదిలి వెళ్ళినదాన్ని ఏం చేయాలి? ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, మార్చుకోవాలా, వదిలించుకోవాలా? ఈ ప్రశ్న మన యువకుల సమావేశాల్లో తరచూ వస్తుంది. మన భాష, మన పండుగలు, మన పెద్దల తీర్పులు, వీటి మీద మాట వచ్చినప్పుడు కొందరు అంతా బంగారమే అంటారు. కొందరు కాలం చెల్లింది, వదిలేయండి అంటారు. మేమూ ఆ రెండు మాటలూ వేర్వేరు సందర్భాల్లో అన్నవాళ్ళమే. మా ఇంటి పక్క రేకుల పాకలో ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకుని పని చేసిన రెండు వేసవి సెలవుల్లో ఈ ప్రశ్నకు మాకు కొంత జవాబు దొరికింది. ఆ సంగతి చెబుతాము.

మాది పాడేరు ఘాట్ పైన ఒక చిన్న ఊరు. 1994లో మా అయ్య ఒక పాత మహీంద్రా జీపును వేలంలో కొన్నాడు. రెండు జతల ఎద్దులు, ఆ ఏటి పసుపు, పిప్పళ్ళు అమ్మిన డబ్బు దానికే పోయింది. ఆ రోజుల్లో మా వైపు బస్సు రోజుకు ఒకటి. అదీ వానాకాలం రాదు. సంతకు పోవాలంటే భుజం మీద కావడి, లేకపోతే జీపు. మా జీపులో చింతపండు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కోళ్ళు, మనుషులు అందరూ కలిసే ప్రయాణం చేశారు. కొండ మీద నుంచి డోలీలో మోసుకొచ్చిన జ్వరం మనిషిని రోడ్డు దగ్గర నుంచి ఆసుపత్రికి చేర్చింది అదే. పెళ్ళికూతుళ్ళను దించింది అదే. ఆసుపత్రిలో పోయినవాళ్ళను ఇంటికి తెచ్చిందీ అదే. 2011లో అయ్యకు చూపు తగ్గి బండి పాకలో పెట్టేశాడు. తరవాత నాలుగేళ్ళకు ఆయన పోయాడు. జీపు మీద కోళ్ళు గుడ్లు పెట్టాయి. ముందు చక్రం పక్క నుంచి కాకర తీగ పాకింది.

ఒక ఏడు సంక్రాంతికి మేము ముగ్గురం తోబుట్టువులం కలిసినప్పుడు దాని మాట వచ్చింది. తూకానికి అమ్మేసి అమ్మకు కళ్ళ ఆపరేషన్ చేయిద్దాం అంది మా అక్క. తమ్ముడు డ్రైవరు. బాగు చేసి ఎర్ర రంగు కొట్టిస్తే వంజంగి కొండ మేఘాలు చూడ్డానికి వచ్చేవాళ్ళను తిప్పుకోవచ్చు అన్నాడు. అయ్య చెయ్యి పడ్డ బండి, ఎలా ఉన్నది అలాగే ఉండాలి అన్నాము మేము. అమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆ మౌనం ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు. చివరకు అమ్మ ఆపరేషన్ ముందు చేయించి, మిగిలిన డబ్బుతో మెల్లగా మనమే బాగు చేసుకుందాం అని ఒప్పందానికి వచ్చాము.

పని మొదలుపెట్టిన మొదటి రోజే తమ్ముడి కాలు జీపు నేల రేకులోంచి కిందికి దిగబడింది. పైన రబ్బరు మ్యాటు, దాని కింద రంగు, రంగు కింద ఇనుము లేదు, గోధుమ రంగు పొట్టు ఉంది. తుప్పు గురించి మేము పిల్లలకు ఎన్నోసార్లు పాఠం చెప్పాము. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది అని బోర్డు మీద రాశాము. చేత్తో పట్టుకున్నాక ఇంకో సంగతి తెలిసింది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పైన రంగు ఉబ్బుతుంది, పగులుతుంది, ఆ పగులులోంచి మళ్ళీ నీరు దిగుతుంది. తుప్పు గీకకుండా పైన ఎంత మంచి రంగు వేసినా లోపల అది తినడం ఆపదు. ఇంకా చెప్పాలంటే మంచి రంగు చూసి మనం కూడా చూడ్డం మానేస్తాము. దానికి అదే కావాలి.

కాబట్టి మొదటి వేసవి అంతా గీకుడే. వైర్ బ్రష్షు, ఉప్పు కాగితం, డీజిలు పోసి రాత్రంతా నానబెట్టినా కదలని బోల్టులు. తలుపుల కింది అంచులు, నేల రేకులు, వెనక మూలలు కోసేసి 18 గేజ్ రేకు వెల్డింగ్ చేయించాము. ఇంజను విప్పించి పిస్టన్ రింగులు మార్పించాము. వైరింగు అంతా కొత్తది. విరిగిన కమాను పట్టీ ఒకటి మార్చాల్సి వస్తే, పాత పట్టీని మా ఊరి కొండ కమ్మర బావ తీసుకుపోయి అమ్మకు కత్తి చేసి ఇచ్చాడు. ఇప్పుడు అమ్మ దానితోనే పనసకాయ కోస్తుంది.

సగం పని అయ్యాక అక్క వచ్చి చూసి, "ఇందులో అయ్య జీపు ఎక్కడుందిరా? అన్నీ కొత్తవే కదా" అంది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రశ్న పాతదే. మన ఇళ్ళలో గొడ్డలి గురించి ఇలాగే అడగవచ్చు. తాత గొడ్డలికి నాన్న కామ మార్చాడు, కొడుకు మళ్ళీ మార్చాడు, మధ్యలో కమ్మరి అంచు అతికాడు. అది తాత గొడ్డలేనా? బౌద్ధుల గ్రంథాల్లో మిళిందుడు అనే రాజును నాగసేనుడు అనే భిక్షువు రథం గురించి ఇలాగే అడుగుతాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా అని. ఏ ఒక్క ముక్కా రథం కాదు, అన్నీ కలిసి ఉన్న తీరుకు మనం పెట్టుకున్న పేరు రథం అని తేలుతుంది.

ప్రభుత్వానికి మాత్రం ఈ విషయంలో అనుమానం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండికి 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ మళ్ళీ పొడిగించుకోవాలి. తనిఖీలో చాసిస్ నంబరు చూస్తారు. దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తారు. మా బండి నంబరు మట్టి, గ్రీజు, తుప్పు కింద దాగిపోయి ఉంది. బ్లేడు పెట్టి గీకితే అంకె పోతుందేమోనని భయపడి కిరసనాయిలు గుడ్డతో రెండు రోజులు తుడిచాము. ఒక్కొక్క అంకె బయటపడుతుంటే అయ్య పేరు చదువుతున్నట్టు అనిపించింది. రేకులు పలచన, పోయాయి. చాసిస్ మందం, నిలిచింది. బరువు మోసేది అదే. చట్టం చెప్పేది మాకు అప్పుడు సబబుగానే తోచింది. మోసేది మిగిలితే, పై రేకు మారినా బండి అదే.

అయితే అక్కడితో అయిపోలేదు. ఎడమ పక్క రేకు మీద వరసగా నాలుగు రంగులు బయటపడ్డాయి. వాటి కింద దోసెడు మందం పుట్టీ. రేకు లోపలికి నలిగిపోయి ఉంది, దాన్ని సరిచేయకుండా పుట్టీ మెత్తి పైన రంగు వేశారు. అయ్య మాకు చిన్నప్పుడు అక్కడ చెయ్యి పెట్టి, "ఎద్దు కుమ్మింది" అని చెప్పేవాడు. ఎద్దు కుమ్మితే అంత మేర నలగదు. అమ్మను అడిగాము. అమ్మ చాలాసేపు కత్తి వంక చూసి, అప్పుడు చెప్పింది.

1998లో సంత నుంచి తిరిగి వస్తూ మలుపులో జీపు పక్కకు పడింది. లోపల, పైన, వెనక కలిపి ఇరవై మందికి పైగా ఉన్నారు. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. పక్క ఊరి మామ ఒకాయన కాలు బండి కింద పడి నలిగింది. "బ్రేకు లైనర్లు అరిగిపోయాయని మెకానిక్ ముందే చెప్పాడు. వచ్చే సంతకి మారుస్తాలే అన్నాడు మీ అయ్య. ఆ సంతకి డబ్బు వస్తుందని." అప్పుడు మేమూ అక్కా హాస్టళ్ళలో ఉన్నాము. తమ్ముడికి ఆరేళ్ళు. ఊళ్ళో అందరికీ తెలుసు. మా మీద మర్యాద కొద్దీ ఎవరూ మా ముందు ఎత్తలేదు. ఆ మామ కుంటుతూ నడుస్తుంటే జీలుగు చెట్టు మీద నుంచి పడ్డాడేమో అని మేము ఇన్నేళ్ళూ అనుకున్నాము.

ఆ రాత్రి మాలో మాకు గొడవ జరిగింది. పోయినవాడి తప్పు ఇప్పుడు తవ్వి ఏం లాభం, రేకు కోసి కొత్తది వేసేద్దాం అన్నాడు తమ్ముడు. అయ్య ఎంతమందిని ఆసుపత్రికి చేర్చాడు, అది లెక్కలోకి రాదా అంది అక్క. వస్తుంది. కానీ ఒక మంచి పని ఇంకో చెడ్డ పనిని తుడిచేస్తుందా? తుడిచేస్తుందని నమ్మితే మనం చేసేది కూడా పుట్టీ మెత్తడమే. ఆయన్ని తక్కువ చేయడానికి కాదు, ఆయన దాచిన బరువు ఇప్పుడు మా చేతిలోకి వచ్చింది కాబట్టి మేము దాన్ని ఎక్కడో ఒకచోట దించాలి.

మర్నాడు ముగ్గురం మామ ఇంటికి వెళ్ళాము. పెద్దాయన అరుగు మీద కూర్చుని రాజ్మా గింజలు ఏరుతున్నాడు. చెప్పవలసినది చెప్పాము. మామ చాలాసేపు గింజలు ఏరుతూనే ఉన్నాడు. తరవాత అన్నాడు: "మీ అయ్య ఆ తరవాత ఏ సంతకీ నా దగ్గర డబ్బు తీసుకోలేదు అల్లుడూ. ముందు సీటు నాదే. పదమూడేళ్ళు. కానీ ఒక్క మాట అనలేదు. తప్పయింది అని ఒక్క మాట. నేనూ అడగలేదు. ఆ మాట కోసమే ముందు సీట్లో కూర్చునేవాణ్ణేమో." ఆ మాట మేము అన్నాము. మామ ఏమీ అనలేదు, లోపలికి కేకేసి మాకు అంబలి పోయించాడు. క్షమించాడా అంటే మాకు తెలియదు. అది ఆయన హక్కు, అడిగి తీసుకునేది కాదు.

మా విద్యార్థులకూ, తోటి ఉపాధ్యాయులకూ ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మన పెద్దల నుంచి వచ్చినదాన్ని చాలాసార్లు మనం రంగు వేసే చూపిస్తున్నాము. పైనుంచి వచ్చినవాళ్ళు మనల్ని తరతరాలుగా తక్కువ చేసి మాట్లాడారు కాబట్టి, మనవాళ్ళు చేసిందంతా మంచిదే అని చెప్పాలనిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ చిల్లంగి చేసిందన్న అనుమానంతో ఒక ముసలామెను కొట్టడం కూడా మనకు పాత కాలం నుంచే వచ్చింది. దాని మీద సంప్రదాయం అని రంగు వేస్తే ఆ రేకు ఇంకా తింటుంది. రేపు ఎవరి కాలో దానిలోంచి దిగబడుతుంది. దాన్ని కోసేయాలి.

అలాగని బండి మొత్తాన్ని తూకానికి వేయడమూ తప్పే. మన వైపు ఇటుకల పండుగ వేటలో దొరికినది చిన్న ముక్కలైనా ఊళ్ళో ప్రతి ఇంటికీ వాటా పోతుంది. వేటకు రాలేని ముసలివాళ్ళ ఇంటికీ పోతుంది. అడవిలో వేట నేడు చట్టానికీ, అడవి బతుకుకూ సరిపడదు, అది మారవలసిన రేకు. వాటా మాత్రం చాసిస్. ఒకరి పొలం పనికి ఊరంతా కదలడం చాసిస్. విత్తనం అడిగితే లేదనకపోవడం చాసిస్. బరువు మోసేది ఏదో, పైపై రేకు ఏదో మనమే తడిమి చూసి తేల్చుకోవాలి. బయటివాళ్ళు వచ్చి చెప్పే పని కాదు, అలాగని కళ్ళు మూసుకుని చేసే పనీ కాదు.

భాష విషయంలో కూడా ఇంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల తొలి ఏళ్ళలో కువి, సవర, కోయ, ఆదివాసీ ఒరియా లాంటి భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల వాచకాలు వచ్చాయి. లిపి మనది కాదు, ఇది మన భాషేనా అని అప్పట్లో కొందరు పెద్దలు అడిగారు. ఆ పుస్తకం తెరిచిన పిల్ల తన ఇంట్లో అవ్వ అనే మాటను అచ్చులో చూసి నవ్వితే, మోయవలసిన బరువును ఆ పుస్తకం మోసినట్టే. లిపి కొత్త రేకు. మాట పాత చాసిస్.

జీపు ఇప్పుడు నడుస్తోంది. మొదట మార్చింది బ్రేకు లైనర్లు. కిరాయికి తిప్పాలంటే దానికి వేరే పర్మిట్ కావాలి కాబట్టి తమ్ముడు వంజంగి ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. అయ్య కాలంలో కొండ మీద పర్మిట్ అడిగినవాళ్ళు తక్కువ, అదీ ఆ రోజు ఇరవై మంది ఎక్కడానికి ఒక కారణమే. ఎడమ పక్క నలిగిన రేకు తీసేసి కొత్తది వేశాము. పుట్టీ వాడలేదు. వెల్డింగ్ గీత కనబడుతూనే ఉంది, అరగదీయించలేదు. మా పిల్లలు అది ఏమిటని అడిగారు. ఎద్దు కుమ్మిందని చెప్పలేదు. జరిగింది చెప్పాము. సీట్లకు మించి ఒక్కరిని కూడా ఎక్కించకూడదని తమ్ముడు లోపల పెయింట్‌తో రాశాడు. పోయిన నెల మామకు కాలు నొప్పి ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ముందు సీటు తలుపు తీసి నిలబడితే ఆయన ఒక నిమిషం చూసి, వెనక ఎక్కాడు. ముందు సీట్లో అమ్మను కూర్చోబెట్టమన్నాడు.