మాకు ఇల్లెవరిచ్చారు?

మీరంతా పాతబస్తీలోనే ఎందుకుంటారు, గుంపుగా ఎందుకు ఓటేస్తారు అని మమ్మల్ని అడుగుతుంటారు. మేమడిగేది ఒకటే: మాకు ఇంకెక్కడ ఇల్లిచ్చారు?

1990 డిసెంబరు అల్లర్ల తర్వాత కలిసి బతికిన గల్లీలు విడిపోయాయి. పాతబస్తీ హిందువులు చాలామంది మూసీ దాటి వెళ్లారు. వేరే మొహల్లాల్లో కొద్దిమందిగా ఉన్న ముస్లింలు పాతబస్తీకి చేరారు. భయంతో మారిన ఇళ్లే ఓటర్ల జాబితాలయ్యాయి. హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1984 నుంచీ ఒకే కుటుంబానిది. గెలుపు ఖాయమని ఒకరికి ధీమా, ఎట్లాగూ ఓడతామని మిగతావాళ్లకు ఉదాసీనత. మధ్యలో నల్లా, బడి, దవాఖానా ఎవరికీ పట్టవు.

1998లో హైటెక్ సిటీ మొదలయ్యాక రోడ్లు, కొలువులు, భూముల ధరలు పడమటికి పోయాయి. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన మెట్రో 2020లో మూసీ ఒడ్డున ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. చదువుకుని అటు కొలువుకెళ్లిన మా పిల్లలు పేరు చెప్పగానే ఖాళీగా ఉన్న ఇల్లు ‘నిన్ననే ఇచ్చేశాం’ అవుతుంది.

తలుపు మూసి, కలిసిరారని నిందించడం ఏం న్యాయం? అట్లాగని మా నాయకుల్ని లెక్క అడక్కుండా ఉండలేం. భయానికి వేసే ఓటు కాపలాకే సరిపోతుంది. మాకు బతుకు కావాలి. నచ్చినచోట ఇల్లు దొరికిననాడే మా ఓటూ నిజంగా మాదవుతుంది.