మౌనము - మఱపు

సత్కార్యములు మఱుగున పడకుండుటయు, దుర్మార్గులకు భావితరముల నిందవలన భయము కలుగుటయు చరిత్రకు ముఖ్యప్రయోజనములని రోమక చరిత్రకారుడగు టాసిటసు మతము. క్రీస్తుశకము రెండవ శతాబ్దారంభమున వ్రాసిన యీ మాటను మే మెంతయు గౌరవింతుము. కాని యొక సందేహము కలుగుచున్నది. అధికారము చేతనున్న క్రూరుడు రేపటి నిందను లెక్కచేయునా?

టాసిటసు చెప్పిన కథయే యొకటి కలదు. క్రీ.శ. 25లో, టైబీరియసు చక్రవర్తి కాలమున, క్రెముటియసు కార్డసు అను చరిత్రకారునిపై నేరము మోపిరి. సీజరును చంపినవారిలో బ్రూటసును పొగడి, కాసియసును రోమకులలో కడపటివాడనుటయే యాతని యపరాధము. ఆతడు నిరాహారుడై ప్రాణములు విడిచెను. సెనేటువారు ఆతని గ్రంథములను కాల్పించిరి. ఐనను ఆతని కుమార్తె మార్సియా వానిని కాపాడి, టైబీరియసు మరణానంతరము లోకమున కిచ్చెను. కాల్పించినవారికి అపకీర్తియే మిగిలెను.

ఇట్టి కథకై రోముదాక పోనక్కఱలేదు. మా హిమాయత్‌నగరమునకు చేరువనే కాచిగూడ యున్నది. ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాను హైదరాబాదు భారతదేశమున చేరవలెనని వ్రాసెను. రజాకార్ల దౌర్జన్యములను ఖండించెను. 1948 ఆగస్టులో నొకరాత్రి దుండగులు కాచిగూడ ప్రాంతమున నాతనిని తుపాకితో కాల్చి, చేతిని నఱికిరి. ఆతడు మరణించెను. నెల తిరుగకమునుపే రజాకార్ల ప్రాబల్యము కూలిపోయెను. నేడు ఆతని పేరు గౌరవముతో తలపబడుచున్నది.

కాని హంతకులను చరిత్రభయ మాపలేదు గదా! మఱి టాసిటసు మాట యెవరికి? మనబోంట్లకే యని మా యభిప్రాయము. డొమిషియను చక్రవర్తి పదునైదేండ్ల పాలనమున సజ్జనులను చెఱకు బంపిన పాపము తమవంటి సెనేటు సభ్యుల చేతులకును అంటినదని టాసిటసు దాచక యొప్పుకొనెను. మాట నణచుకొన్నంత సులభముగ జ్ఞాపకము నణచుకొనుట సాధ్యము కాలేదని యాతని పరితాపము. హంతకునికి లేని సిగ్గు చూచుచు నూరకున్నవానికి కలుగును. కలుగవలెను గూడ.

పాఠశాలలో మేము చరిత్ర చెప్పునపుడు బాలురు దుష్టు లెవరని యడుగుదురు. “అప్పుడు తక్కినవా రేమి చేసి”రని యడుగువాడు అరుదు. ఆ ప్రశ్న అడుగుట నేర్పనిచో చరిత్ర వట్టి కథ యగును. రేపు మన పిల్లలు మనలనే అట్లడిగినచో ఏమని యుత్తర మిత్తుము?

మార్సియా సైన్యముల నడపలేదు, సభలలో వాదింపలేదు. భయము నడుమ తండ్రి వ్రాతలను మాత్రము కాపాడుకొనెను. అంతటి పని యే గృహమునందైనను సాధ్యమే.