సాకుట – సాకు

బిడ్డలను పెద్దచేయుటకు మన భాషలో మాటలు పెక్కు గలవు. 'పెరుగు' అను క్రియకు ప్రేరణరూపము 'పెంచు'. దానినుండి పుట్టినదే 'పెంపకము'. అనగా పెరుగునది బిడ్డయే. పెంచువారు ఆ పెరుగుదలకు కారకులు మాత్రమే. 'పోషణ' సంస్కృతమునుండి వచ్చినది, పుష్టికి చుట్టము. తెలంగాణమున 'సాదుట' యందురు. 'సాకుట' తెలుగుననే గాక కన్నడమునను గలదు. మన ఇరుగుపొరుగువారి మరాఠీలో 'వాఢణే' యనగా పెరుగుటయు, అన్నము వడ్డించుటయు గూడ. వడ్డించు చేయియే పెంచు చేయి యని ఆ మాట చెప్పకయే చెప్పుచున్నది.

కామాటి యనగా కూలిపని చేయువాడు. నైజాము సీమనుండి వచ్చి ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసిన మనవారి పేరిటనే కామాఠీపుర వెలసినది. తల్లి పనికిపోయిన యింట బిడ్డను సాకునదెవరు? ప్రక్కగది వారే. పాలు పేరుటకు పొరుగింటినుండి తెచ్చు చుక్క మజ్జిగను మనము 'తోడు' అందుము. చాల్‌లో బిడ్డల పెంపకమును అట్టి తోడుతోనే జరిగినది.

మమ్ము సాకినది ప్రక్కగది పెద్దమ్మ. ఆమెకును మాకును రక్తసంబంధము లేదు. మా తల్లి తిరిగివచ్చువరకు తన బిడ్డలతోపాటు మాకును కంచము పెట్టెడిది. మా మెట్రిక్యులేషను ఫలితము వచ్చిననాడు గల్లీయంతయు బెల్లము పంచినదియు ఆమెయే.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనది. రెండు లక్షలకు పైబడిన కార్మికులలో పెద్దమ్మ పెనిమిటియు నొకడు. మరల పని దొరకలేదు. ఊరికి పోవలసివచ్చినపుడు, చిన్నవాని చదువు ముగియువరకు వానిని మాయింట నుంచుకొందుమా యని ఆమె అడిగినది. అప్పటికి మేము గుమాస్తాలము, నెలజీతము గలవారము. గది యిరుకని చెప్పితిమి. ఆమె మారుమాట యాడక వానిని వెంటబెట్టుకొని పోయినది. తన గది యేమంత విశాలమని మమ్ము సాకినదో, ఆనాడు మాకు తట్టలేదు.

'సాకు' అను పదమునకు మన భాషలో మరియొక యర్థము గలదు: నెపము. రెంటికిని మూలమొకటేయని మేము వాదింపము. కాని సాకిన తల్లికి సాకు చెప్పిన నాలుక మాది.

తల్లిదండ్రుల పోషణ ధర్మము. పొరుగువారిది ధర్మమునకు మించినది. అట్టిదానిని తీర్చుట యెట్లు? తోడు ఇచ్చిన యింటికే తిరిగి యీయనక్కరలేదు, అడిగినవారి కిచ్చిన చాలునని చాలకాలము ఓదార్చుకొంటిమి. పొరుగు పిల్లలకు లెక్కలు చెప్పితిమి, ఫీజులు కట్టితిమి. అది మంచిదే. అయినను ఆమె బ్రతికియుండగా ఆమె గడప త్రొక్కకపోవుటకు అదియు నొక సాకే యైనది.

చదువరులలో మమ్మువలె ప్రక్కగదిలో పెరిగినవారు పలువురుందురు. సాకినవారు ఇంకను ఉన్నచో, ఈ ఆదివారమే పోయి చూచి రండు.