పెండ్లి విందు, పెండ్లి అప్పు



కోతలు ముగియగానే మన పల్లెలలో పెండ్లిండ్లు మొదలగును. వాటితోపాటు ప్రామిసరీ నోట్లును మొదలగును.

రెండు లక్షల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 6,000, ఏటికి 72,000 రూపాయలగును. మూడేండ్లలో 2,16,000 చెల్లించియు అసలు అట్లే నిలుచును. అప్పు మనుష్యుని దాసునిగా చేయునని సామెతలు 22:7 హెచ్చరించుచున్నది.

ఇది తెలిసియు తండ్రి ఏల అప్పు చేయును? నలుగురిలో తలవంపులు రాకూడదని. ఆ నలుగురు ఎవరు? మనమే. చేయి కడుగుకొనకముందే కూర తక్కువైనదనువారము మనమే. నోటుపై వ్రేలిముద్ర అతనిది. వ్రాయించినది మన నాలుక. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము కట్నమిచ్చువానిని, పుచ్చుకొనువానిని నేరస్థులనెను. వంకలు పెట్టు అతిథిని ఏ చట్టమును పట్టదు. వానిని వాక్యమే పట్టవలెను.

బిడ్డ పెండ్లి ఘనముగా చేయగోరుట పాపము కాదు, అది ప్రేమయే. గాని ఆ ఘనతకు వెల ఆమె తమ్ముని చదువు కాకూడదు.

కానాలో ద్రాక్షారసము తక్కువైనప్పుడు మరియ ఆ మాట ప్రభువు చెవిని వేసెను. విందుప్రధాని యెదుట ఆ యింటి మర్యాద నిలిచెను (యోహాను 2). మనమును పెండ్లి కుదిరిన యింటికి ముందే పోయి, “కలిగినంతలో చేయుడి, సంతోషముగా భుజింతుము” అని చెప్పుదము. ఒకరు బియ్యము, ఒకరు కట్టెలు, ఒకరు వంటపని పంచుకొందము. పప్పన్నము పెట్టిన యింట పప్పన్నమునకే స్తోత్రము చెల్లింతము. ఆమేన్.