పంపిన మాట

2018 జూలై 1న మన మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకొని అయిదుగురు సంచారజాతివారిని జనం కొట్టి చంపారు. అలాంటి వదంతులు అప్పట్లో వాట్సాప్‌లో ఊరూరా తిరిగాయి. వాటిని పంపినవారిలో చాలామంది పిల్లల మేలు కోరే పంపి ఉంటారు. మరి వారిది దోషమా, కాదా?

సెల్‌ఫోను పట్టిన కతోలిక పిల్లలకు సత్యోపదేశం చెప్పేవారికి ఈ ప్రశ్న తప్పదు. బల్లార్‌పూర్ కేంద్రమైన మన చాందా మేత్రాసనం నుంచే 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం విడివడింది. సరిహద్దుకు ఇరువైపులా సమస్య ఒక్కటే. కొత్త పాఠం వెతకనక్కరలేదు. అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞ ఉంది. (ప్రొటెస్టెంటు మిత్రుల లెక్కలో అది తొమ్మిదవది.) 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం ఇంకా ముందుకు వెళ్తుంది: తగిన కారణం లేకుండా ఎదుటివారి నిజమైన తప్పును తెలియనివారికి తెలపడం కూడా దోషమే. "నిజమే కదా, పంపితే ఏం?" అన్న జవాబు అక్కడ చెల్లదు.

పైగా, తీసిన పరువును తిరిగి నిలబెట్టాలంటుంది. క్షమాపణ దొరికినా ఆ బాకీ పోదు. నాకు గట్టిగా తగిలింది ఈ మాటే. బ్యాంకులో తప్పు ఎంట్రీ పడితే అదే ఖాతాలో రివర్సల్ ఎంట్రీ వేస్తాం. పంపిన సందేశం ఎన్ని ఖాతాలకెక్కిందో ఎవరికి తెలుసు? రైన్‌పాడా ఘోరం జరిగిన నెలలోనే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపనీయమని వాట్సాప్ ప్రకటించింది. మంచిదే. కానీ ఒక బడిపిల్ల పరువు తీయడానికి ఆ అయిదూ చాలు. చెరిపేసి ఊరుకుంటే లాభం లేదు. ఏ గ్రూపులో పంపాడో ఆ గ్రూపులోనే, తన పేరుతోనే, "అది పంపడం నా తప్పు" అని పిల్లవాడు రాయాలి. పన్నెండేళ్లవాణ్ని ఇంత అడుగుతున్నాం సరే, మన కుటుంబాల గ్రూపుల్లో పెద్దవారెవరైనా అలా రాయగా వాడెప్పుడైనా చూశాడా?